ఏడో నంబరు మీట

16 ఏప్రిల్ 2002, మంగళవారం

ఆ రోజు నేను తప్పు వాయించాను. నాకు బాగా గుర్తు. పెద్దాపురం పెళ్ళిలో, రెండో పాటలో, మూడో చరణం ముందు వచ్చే బిట్‌లో నా ఉంగరం వేలు జారి పక్క తీగ మీద పడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి కూడా.

క్యాసెట్‌లో ఆ తప్పు లేదు.

మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. బిట్ శుభ్రంగా ఉంది. వాయించింది నేను కాదు. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే లాజరు, దాని మీదే గిటార్ టోన్ పెట్టుకుని వాయించాడు. ఆ ఒక్క చోటే కాదు, అరవై నిమిషాల క్యాసెట్‌లో నా గిటారు ఎక్కడా లేదు. స్టేజీ మీద నా గిటారు నా ఒళ్ళోనే ఉంటుంది కాబట్టి నాకు ఎప్పుడూ వినబడుతూనే ఉంది. జనానికి కూడా వినబడుతోందనుకున్నాను.

పెళ్ళివాళ్ళు క్యాసెట్ కాపీ పంపుతూ "మీ ఆర్కెస్ట్రా అమ్మాయి గిటారు భలే వాయించిందండి" అన్నారట. ఆ మాట ముచ్చటగా చెప్పి మరీ ఇచ్చారు శివరామకృష్ణ గారు. ఆర్కెస్ట్రా ఆయనదే.

వేట నిషేధం మొదలైంది. నాన్న బోటు కట్టేసి వచ్చాడు. ఇక నెలన్నర ఇంట్లోనే ఉంటాడు.

నాకేం కోపం లేదు.

17 ఏప్రిల్

కోపం లేదని రాసింది అబద్ధం.

18 ఏప్రిల్

ఎస్.టి.డి. బూత్‌లో నా డ్యూటీ అయ్యాక త్రిమూర్తులు బాబాయ్ షెడ్డుకి వెళ్ళాను. మా ఆర్కెస్ట్రాకి మైకులూ స్పీకరు పెట్టెలూ మిక్సరూ అన్నీ ఆయనవే. మిక్సర్ మీద గుడ్డ తీసి తుడుస్తున్నాడు. వరసగా మీటలు, ప్రతి మీట కింద ప్లాస్టర్ ముక్క మీద పేరు. ఏడో నంబరు కింద "మాస్టారు" అని ఉంది. అది నాది. నా ముందు గిటారు వాయించిన ఏసుపాదం మాస్టారి పేరు ఇంకా మార్చలేదు.

"ఇది ఎంతదాకా ఎక్కుతుంది బాబాయ్?"

"పది దాకా ఎక్కుతుందమ్మా."

"నేను వాయించేటప్పుడు ఎంతలో ఉంటుంది?"

తుడిచిన మీటే మళ్ళీ తుడిచాడు. "సున్నాలో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వొచ్చిన కాడ్నించీ. అంటే రెండేళ్ళు." ఆ తర్వాత గబగబా చెప్పుకొచ్చాడు. "నైలాన్ తీగల సౌండు చిన్నదమ్మా. దాని ముందు మైకు పెట్టి పెంచితే పెట్టెలు కూత పెడతాయి. కూత పెడితే తిట్లు తినేది నేను. శివరామకృష్ణ గారే దించెయ్యమన్నారు. ఆయనకి గిటారు పట్టుకున్న అమ్మాయి స్టేజీ మీద కనబడితే చాలు."

కనబడితే చాలట. రెండేళ్ళు నేను కనబడ్డాను.

19 ఏప్రిల్

శివరామకృష్ణ గారింటికి వెళ్ళి అడిగేశాను. ఆయన దబాయించలేదు. అదే నాకు ఇంకా మండింది.

"నీకేం తక్కువ చేశానమ్మా దుర్గా? వేన్లో ముందు సీటు, స్టేజీ మీద ముందు వరస. నువ్వు నిలబడు, నవ్వు. మిగతాది లాజరు చూసుకుంటాడు."

"నేను సొంత ఆంప్లిఫయర్ తెచ్చుకుంటానండి. నా పక్కనే పెట్టుకుంటాను. దాని మీట నా చేతిలో ఉంటుంది."

నవ్వారు. "తెచ్చుకో. వచ్చే నెల పద్దెనిమిదిన రావులపాలెంలో అరటి మండీ ఆయన కూతురి రిసెప్షన్. అక్కడ పెట్టుకో. కానీ ఒక్కసారి కూత పెట్టిందంటే మాత్రం స్టేజీ దిగిపోవాలి. ఇక ఎక్కక్కర్లేదు కూడా."

"అలాగేనండి" అన్నాను. ఆంప్ అంటే ఏమేం రకాలుంటాయో కూడా నాకు తెలీదు. అయినా అనేశాను. మళ్ళీ అడిగినా అదే అంటాను.

22 ఏప్రిల్

రాజమండ్రి వెళ్ళొచ్చాను. మెయిన్ రోడ్డులో వాయిద్యాల కొట్టు. గిటారు భుజాన వేసుకుని లోపలికెళ్ళి ఆంప్ కావాలంటే కొట్టాయన నా వెనక ఎవరొస్తున్నారా అని చూశాడు.

"ఎవరికండీ ఆంప్?"

"నాకేనండి."

"మీకా? చర్చిలోకాండి?"

"స్టేజీకండి."

లీడ్ గిటారు వాళ్ళు వాడే ఆంప్ చూపించాడు. గిటారు ముందు ఒక మైకు పెట్టి వాయించమన్నాడు. నా గిటారు గొంతు నాకే తెలియలేదు. లావు తీగలు డబడబ మోగాయి, సన్న తీగలు రేకు డబ్బా మీద గోరు గీసినట్టున్నాయి. ఆయనేమో తల ఊపుతూ "సూపర్ కదండీ" అంటాడు. చెవులు ఇంట్లో పెట్టి వచ్చాడేమో.

మరి మైకు లేకుండా ఎలా అంటే, గిటారు బొజ్జలో ఉన్న కన్నానికి బిగించే పికప్ ఒకటుందన్నాడు. దానితో కూత రాదట. కొనుక్కొచ్చాను. బస్సులో దారి పొడవునా దాన్ని తీసి చూసుకుంటూనే ఉన్నాను.

23 ఏప్రిల్

మద్రాసులో ఒక వాయిద్యాల కొట్టుకి బూత్ నుంచే ఫోన్ చేశాను. అక్కడ ఇలాంటి గిటార్ల కోసమే చేసిన ఆంప్‌లు దొరుకుతాయట. ధర చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాను. "థాంక్సండి" అని పెట్టేశాను.

25 ఏప్రిల్

రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను, చదివేది నేనే కదా.

పికప్ బిగించి, బాబాయ్ ఆంప్ ఒకటి తెచ్చి, వైరు పెట్టి వాయించాను. ఏమీ లేదు. మీట పది దాకా తిప్పాను. ఉహూఁ. కొట్టువాడు మోసం చేశాడని తిట్టుకుంటూ పల్లంరాజు గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. వంతెన పక్కన రేడియోలు బాగుచేస్తారాయన.

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి పికప్ మీద ఆడించారు. స్పీకర్లో ఠక్ ఠక్‌మంది. "ఇది బానే ఉందమ్మా" అన్నారు. తర్వాత నా సన్న తీగని వేలితో పట్టి చూశారు. "ఇవి ఎక్కడివి?"

"మా నాన్న ఇస్తాడండి. తంగూసు దారం."

నిజమే. నా గిటారుకి మూడు సన్న తీగలు ఎప్పుడూ కొట్లో కొన్నవి కావు. వల అల్లే తంగూసు. నాన్న కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య దారం దొర్లించి "ఇది నీ మొదటి తీగ, ఇది రెండోది" అని తెంపి ఇస్తాడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా పొరబడలేదు.

పల్లంరాజు గారు నవ్వు ఆపుకోలేదు. "ఇందులో ఉన్నది అయస్కాంతం తల్లీ. పైన ఇనప తీగ కదిలితేనే దానికి తెలుస్తుంది. వలకి అయస్కాంతం అంటుకుంటుందా? లావు తీగలకి చుట్టింది కూడా రాగే, దానికీ అంటుకోదు. వలలు అల్లే ఇంట్లో పుట్టి ఆ మాత్రం తట్టలేదా?"

తట్టలేదు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. నాన్నకి చెబితే మళ్ళీ వచ్చింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు మరి.

29 ఏప్రిల్

పల్లంరాజు గారు పాత అలారం గడియారం విప్పి అందులో బీప్ బీప్‌మనే పల్చటి ఇత్తడి బిళ్ళ తీశారు. దానికి అయస్కాంతంతో పని లేదట. చెక్క వణికితే చాలు, ఆ వణుకునే కరెంటు చేసి పంపుతుందట. గిటారు లోపల, తీగలు కట్టే చెక్క వెనక అంటించాం. మొదట ఒక చోట అంటిస్తే తీగల కంటే నా గోళ్ళే ఎక్కువ వినబడ్డాయి. నాలుగు చోట్లు మార్చాక కుదిరింది. ఆ బిళ్ళ నుంచి వచ్చేది మరీ నీరసంగా ఉంటుందని, దానికి బలం ఇచ్చే చిన్న సర్క్యూట్ ఒకటి సబ్బు పెట్టెలో బిగించి ఇచ్చారు. పెట్టెకి ఇంకా సబ్బు వాసన వస్తోంది.

2 మే

ఇన్ని రోజులూ ఆంప్ అంటే సౌండు పెంచేది అనుకున్నాను. కాదట. ఇవాళ పల్లంరాజు గారు చెప్పింది పూర్తిగా రాసుకుంటున్నాను.

"లీడ్ గిటారు ఆంప్ తన గొంతు కలుపుతుందమ్మా. ఇనప తీగలకి అదే అందం. గొట్టం మైకు ఆంప్ మనిషి మాట తప్ప మిగతాదంతా కోసేస్తుంది. నీ గిటారుకి సొంత గొంతు ఉంది. నీకు కావలసింది ఏమీ కలపని డబ్బా. ఇచ్చింది ఇచ్చినట్టు పంపేది. కింద లావు స్పీకరు, పైన సన్న సౌండ్లకి చిన్న స్పీకరు. మద్రాసుది వద్దంటే, మన ఊళ్ళో అలాంటిది ఒకటే రకం. కీబోర్డు ఆంప్."

కీబోర్డు ఆంప్. అంటే లాజరు దగ్గర ఉండేది.

చచ్చినా అడగను.

3 మే

అడగను.

4 మే

కాకినాడ అంతా తిరిగాను. ఇంకెవరి దగ్గరా లేదు. అడగను.

5 మే, ఆదివారం

అడిగాను.

లాజరు వెళ్ళే చర్చిలో ప్రార్థన అయ్యాక బయట నిలబడ్డాను. లాజరు నన్ను చూసి తప్పించుకు పోతాడనుకున్నాను. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"నేనే ముందు చెప్పాల్సిందండి దుర్గ గారూ. మీకు తెలుసేమో, తెలిసే ఊరుకున్నారేమో అనుకున్నాను."

"తెలిసి ఎవరైనా ఊరుకుంటారా?"

"ఊరుకున్నవాళ్ళు ఉన్నారండి." ఎవరో చెప్పలేదు. "నాకు మాత్రం ఏం సరదా చెప్పండి? ఎడం చేత్తో బేస్, కుడి చేత్తో మీ గిటారు, మధ్యలో వయొలిన్లు. నాకున్నవి పది వేళ్ళే."

వాడి పాత ఆంప్ చర్చిలోనే ఉంది. కొత్తది కొన్నాక దాన్ని మూలన పెట్టి, మీద గుడ్డ పరిచి, పూల కూజా పెట్టారు. కూజా దింపి, గుడ్డ తీసి, నా వైరు పెట్టి ఒక్క తీగ మీటాను.

నా గిటారు. నా గిటారే. గోరు తగలడం, తీగ వదలడం, చెక్క నిట్టూర్చడం, అన్నీ ఉన్నాయి. చర్చి చివరి బెంచీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. లాజరు ముందు ఏడవకూడదని వైరు సరిచేస్తున్నట్టు వంగున్నాను.

"ఎన్నాళ్ళైనా వాడుకోండి" అన్నాడు. వాణ్ణి ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లన్నీ ఈ డైరీలో లేకపోవడం మంచిదైంది.

తల ఎత్తితే చివరి బెంచీలో ఏసుపాదం మాస్టారు. కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఎడం చేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఆ చెయ్యి వణకడం మొదలయ్యాకే ఆయన వాయించడం మానేశారు. అయినా ప్రతి ప్రోగ్రాంకీ వేన్లో మాతో వస్తారు. ముందు వరసలో కూర్చుంటారు. అయ్యాక ప్రతిసారీ "బాగుందమ్మా" అంటారు.

ప్రతిసారీ.

దగ్గరికెళ్ళి అడిగాను. "ఏడో నంబరు సంగతి మీకు తెలుసా మాస్టారూ?"

"దాన్ని మొదట దించమన్నది నేనేనమ్మా. చెయ్యి మాట వినడం మానేసింది. నా తప్పులు జనానికి వినబడటం ఎందుకని త్రిమూర్తుల్ని దించెయ్యమన్నాను. ఆర్నెల్లు అలాగే కూర్చుని వాయించాను. తర్వాత నువ్వొచ్చావు. నీకోసం పైకి లేపుతారనుకున్నాను. లేపలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావని భయపడ్డాను."

"మరి బాగుంది, బాగుంది అన్నారు?"

"నీ వేళ్ళు చూసి అన్నానమ్మా."

వస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను. నాకు గిటారు పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. గిటారు కూడా ఆయనదే. అయినా క్షమించలేను. ఆయన దించుకున్నారు, అది ఆయన ఇష్టం. నేను దించుకోను.

6 మే

ఆంప్‌ని అమ్మ ఎండుచేపలు వేసుకెళ్ళే రిక్షాలో ఇంటికి తెచ్చాం. నాన్నా నేనూ చెరో పక్క పట్టుకుని దించాం. పెళ్ళికూతురిని దించినట్టు దించారంది అమ్మ.

11 మే

కూత పెట్టింది.

ఇంట్లో తగ్గించి వాయిస్తే ఏమీ లేదు. పెరట్లో స్టేజీకి కావలసినంత పెంచేసరికి లావు తీగ మీటగానే ఊఁ అని మొదలై, పెరిగి పెరిగి, పక్క వీధి వాళ్ళు కూడా బయటికొచ్చేంత అయ్యింది. ఆంప్‌లోంచి వచ్చే సౌండు గిటారు కన్నంలో దూరి, బొజ్జలో తిరిగి, మళ్ళీ ఆంప్‌లోకి వెళుతోందన్నారు పల్లంరాజు గారు. కన్నం మూసెయ్యమన్నారు.

పాత హవాయి చెప్పు అడుగు గుండ్రంగా కోస్తుంటే అమ్మ వచ్చి చేతిలోంచి లాక్కుంది. "సరస్వతీదేవికి చెప్పు తొడుగుతావా? బుద్ధుందా నీకు?"

"అది కూత పెడితే నేను స్టేజీ దిగిపోవాలమ్మా."

"దిగిపో. చెప్పు మాత్రం పెట్టకు."

నాన్న వల దగ్గర కూర్చుని అంతా వింటున్నాడు. వల పైతాడుకి కట్టే బెండు ఒకటి తెంపి, గిటారు కన్నం మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, కత్తితో చెక్కడం మొదలెట్టాడు. అరగంటలో పని అయింది. కన్నంలో పెట్టి నొక్కితే సీసాకి బిరడాలా కూర్చుంది.

"ఇది వలని ముణగనివ్వదు. నిన్ను కూడా ముణగనివ్వదులే, వాయించు" అన్నాడు.

ఇందాకటి కంటే పెంచి వాయించాను. కూత రాలేదు. ఆంప్‌కి ఎదురుగా తిరిగితే మాత్రం ఇప్పటికీ గొణుగుతోంది. తిరగను.

14 మే

మాస్టారు ఇంటికొచ్చారట, నేను బూత్‌లో ఉండగా. కాసేపు కూర్చుని వెళ్ళిపోయారట. రానీ. నాకేం లేదు.

17 మే

ఆంప్ మూడుసార్లు తుడిచాను. ఎండుచేపల వాసన పోలేదు.

18 మే

ఇవాళే.

19 మే, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మండీ ఆవరణలోనే స్టేజీ కట్టారు. స్తంభాలకి గెలలతో సహా అరటి చెట్లు. వెనక గోడ దగ్గర అరటి లారీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మేం సామాను దించేసరికి ఇంకా ఎండ పోలేదు.

శివరామకృష్ణ గారు నా ఆంప్ దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చారు. "ఏంటమ్మా, చేపల వాసనొస్తోంది?"

"మా ఇంట్లోంచి వచ్చింది కదండీ. వస్తుంది" అన్నాను. వారం క్రితమైతే సిగ్గుపడేదాన్ని.

త్రిమూర్తులు బాబాయ్ ఒక మైకు పట్టుకొచ్చాడు. "నీ ఆంప్ ముందు ఇది పెడతానమ్మా, ఏడో నంబరులోకి తీసుకుంటాను. ఈసారి దించను. ఒట్టు."

"వద్దు బాబాయ్. మీ మీట నాకొద్దు."

ఆంప్‌ని స్టేజీ అంచున, జనం వైపు తిప్పి పెట్టుకున్నాను. వేన్లో మాస్టారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. స్టేజీ ఎక్కి చూస్తే ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నా మొహం చూడలేక వెళ్ళిపోయారనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. అయినా మళ్ళీ మళ్ళీ ఆ కుర్చీ వైపే చూశాను.

మొదటి పాటలో నాకు పని తక్కువ. రెండో పాట ఎత్తుగడే నాది. మీటాను. జనంలో పిల్లల గోల, గిన్నెల చప్పుడు, అన్నిటి మీద నుంచి నా గిటారు వెళ్ళింది. లాజరు నా బిట్ రాగానే రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి జేబు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. అంతమంది ముందు అంత తీరిగ్గా వాడు మొహం తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండో చరణం దగ్గర పాట పాడేవాళ్ళకి దారి ఇవ్వబోయి ఒక అడుగు తిరిగాను. ఊఁ అని గొణుగు మొదలైంది. శివరామకృష్ణ గారు పక్క నుంచి చెయ్యి ఎత్తారు, తగ్గించు అని. తగ్గిస్తే మళ్ళీ పెంచనివ్వరని నాకు తెలుసు. వెనక్కి జరిగి, అరచేత్తో లావు తీగలు నొక్కిపట్టి, పక్కకి తిరిగి నిలబడ్డాను. గొణుగు ఆగిపోయింది. మీట ముట్టుకోలేదు. ఆయన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండి దిగిపోయింది.

ఆ సంబరంలోనే అయ్యుంటుంది. మూడో చరణం ముందు బిట్‌లో ఉంగరం వేలు జారింది. పక్క తీగ మోగింది. స్పష్టంగా, నిండుగా, మండీ అంతా మోగింది. పెళ్ళికూతురు తలెత్తి చూసింది కూడా.

ఆగలేదు. చివరిదాకా వాయించాను. మిగతా పాటలు కూడా.

సామాను ఎక్కించాక వేన్‌లో కూర్చున్నాను. శివరామకృష్ణ గారు "కూత పెట్టలేదులే" అన్నారు, అదేదో ఆయన చేసిన ఉపకారంలాగా. అప్పుడు మాస్టారు ఎక్కారు. చొక్కా మీద అరటాకు పీచు అంటుకుని ఉంది. వచ్చి నా పక్క సీట్లోనే కూర్చున్నారు.

"వెనక లారీల దగ్గర నిలబడి విన్నానమ్మా. అక్కణ్ణించి నీ వేళ్ళు కనబడవు."

నేను కిటికీలోంచి బయటికే చూస్తున్నాను.

"రెండో పాటలో, మూడో చరణం ముందు తప్పావు."

ఆయన వైపు తిరిగాను.

"ఉంగరం వేలు జారుతోంది. ఎన్నాళ్ళ నుంచి జారుతోందో ఏమో, నేనైతే ఇవాళే విన్నాను. రేపు గిటారు పట్టుకుని రా. సరిచేద్దాం."

"వస్తానండి మాస్టారూ" అన్నాను.

ఇంకేం రాయను. పదింటికల్లా వెళ్ళాలి. పాఠం ఉంది.